గిన్నె తుడిచే గుడ్డ

నంద్యాల,
జూన్ 3

అక్కకు వందనాలు,

చేతిలో ఫోనుండగా ఈ కాగితాలేమిటని నవ్వుకుంటావేమో. రాళ్లు చెక్కీ చెక్కీ బావకు చెవులు మందగించాయి, మీ ఇంట్లో ఫోనెప్పుడూ స్పీకర్లోనే మోగుతుంది. నేను హలో అంటే పక్క షెడ్డులో వాళ్లు కూడా పలుకుతారు. ఈ సంగతి అలా చెప్పేది కాదు. చదివాక చించి పొయ్యిలో వెయ్యి.

మనిద్దరి రక్తం రిపోర్టులు పోయిన శుక్రవారమే వచ్చాయి. మొన్న ఆదివారం ఆళ్లగడ్డ చర్చిలో నిన్ను చూశాను గానీ నోరు రాలేదు. ఏప్రిల్‌లో మా స్కూలు రక్తదాన శిబిరంలో నేను రక్తమిస్తే, తర్వాత పిలిచి నాకు హెపటైటిస్ సి ఉన్నట్టుందని చెప్పారు కదా. చిన్నప్పుడు గోస్పాడు దగ్గర మన ఊళ్లో ఎవరికి జ్వరమొచ్చినా కాంపౌండరు ఒకే సూదితో పొడిచేవాడని నేనంటే, మీ అక్కకు కూడా చూడాలన్నాడు డాక్టరు. అందుకే నిన్ను పిలిపించి రక్తం ఇప్పించాను. అనుమానం నిజమైంది. నీకూ ఉంది.

ఇద్దరికీ ఉన్నా ఒకేలా లేదక్కా. చుక్క రక్తంలో వైరస్ ఎంతుందో లెక్కపెట్టే పరీక్ష ఒకటుంది. నాకు తొమ్మిది వేలు వచ్చింది. నీకు నలభై ఎనిమిది లక్షలు. నేను లెక్కల మాస్టారిని, ఈ రెండు సంఖ్యల మధ్య తేడా ఏమిటో నాకొకరు చెప్పనక్కర్లేదు. నాది ఇంకా గడప దగ్గరే ఉంది. నీది ఇల్లంతా నిండింది. భయపెట్టడానికి రాయడం లేదు, జాగ్రత్తగా ఉండాలని రాస్తున్నాను.

డాక్టరు లివర్‌కు ఏదో స్కాన్ కూడా తీయించుకోమన్నాడు. నువ్వు తప్పకుండా తీయించుకో. నా సంఖ్యకు అంత అవసరం ఉండదు.

ఇక రాయడానికి చెయ్యి రానిది ఒకటుంది. మందు వాడి తగ్గేదాకా నువ్వు నెల మొదటి ఆదివారం ప్రభు బల్లకు రాకుండా ఉంటే మంచిది. మన చర్చిలో ద్రాక్షరసం గిన్నె ఒక్కటే. అందరూ ఆ అంచుకే పెదవి ఆనిస్తారు. సంఘ పెద్దగా ఆ గిన్నె పట్టుకునేది నేను. తెలిసి తెలిసి ఎలా అందించను? గిన్నె తుడిచే గుడ్డ కూడా కొన్నాళ్లు మన సంఘం శివమ్మకు ఇవ్వు, ఆమె ఉతికి తెస్తుంది. ఎవరైనా అడిగితే మోకాళ్ల నొప్పని చెప్పు.

నిన్ను తక్కువ చేస్తున్నానని అనుకోకు. నీ మంచికే.

తమ్ముడు
రాజశేఖర్


ఆళ్లగడ్డ,
జూలై 10

తమ్ముడు రాజశేఖర్‌కు,

నీ ఉత్తరం పొయ్యిలో వేశాను. వేసే ముందు మళ్లీ మళ్లీ చదివాను. నలభై ఎనిమిది లక్షలన్న మాట కాలినా పోలేదు. బియ్యం కడిగేటప్పుడు కూడా అదే గుర్తుకొస్తోంది.

నువ్వు చెప్పినట్టే చేశాను. ఇంట్లో నా గ్లాసు, నా పళ్లెం వేరు పెట్టుకున్నాను. మనవరాలు అమృత పరుగెత్తుకొచ్చి మెడ పట్టుకుంటే ముఖం పక్కకు తిప్పుకున్నాను. పిల్ల బిక్కమొహం వేసుకుని తాత దగ్గరకు పోయింది. మీ బావ అడిగాడు, "ఏందే, పిల్లను కూడా దగ్గరకు రానిస్తా లేవు?" అని. జలుబన్నాను. జలుబు ఇన్నాళ్లుంటుందా అన్నట్టు చూశాడు.

గుడ్డ శివమ్మకు ఇచ్చాను. ఎందుకని అడిగింది. చేతులు నొప్పులన్నాను. నువ్వు మోకాళ్లని రాశావు, నా నోట చేతులని వచ్చింది. అబద్ధం అలవాటు లేక తడబడ్డాను. అమ్మ పోయినప్పటి నుంచి ఆ గుడ్డ నా చేతిలోనే ఉండేది శేఖరూ. ఇచ్చేటప్పుడు ఏదో దొంగతనం చేసి పట్టుబడినట్టు తలవంచుకున్నాను.

మొదటి ఆదివారం వెనక బెంచీలో కూర్చున్నాను. అందరూ లేచి ముందుకు పోయారు, నేనొక్కదాన్నే మిగిలాను. మన చర్చిలో బల్లకు పోకుండా కూర్చునేది ఎవరో నీకు తెలుసు. తాగొచ్చినవాళ్లు, మొగుడిని వదిలేసినవాళ్లు, పాస్టరయ్య ఆపిన వాళ్లు. తల ఎత్తలేకపోయాను. అందరి పాదాలే చూస్తూ కూర్చున్నాను. అనసూయమ్మ పెద్దమ్మ నడవలేదని నువ్వు గిన్నె తీసుకుని ఆమె కుర్చీ దాకా వచ్చావు. నన్ను దాటుకుంటూ పోయి, నన్ను దాటుకుంటూనే వెనక్కి వెళ్లావు.

బుధవారం పాస్టర్ సంజీవయ్య ఇంటికొచ్చారు. ప్రార్థన చేసి, మెల్లగా అడిగారు, మనసులో ఏదైనా ఒప్పుకోవాల్సింది ఉందా అని. నేను టీ పెడతానని వంటింట్లోకి పోయాను. ఆయన దాన్నే జవాబనుకుని లేచి వెళ్లారు. ఈ వయసులో నా మీద ఆయనకు ఏ అనుమానం వచ్చిందో తలుచుకుంటే చచ్చిపోవాలనిపించింది.

ఇంకొకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. జూన్‌లో నేను ఆఖరుసారి తాగినప్పుడు, నా తర్వాత నువ్వు గిన్నె అంచు రెండుసార్లు తుడిచావు. అప్పుడు ఎందుకో అర్థం కాలేదు. శుక్రవారమే రిపోర్టు వచ్చిందని నువ్వు రాశాక అర్థమైంది.

అక్క
లూదియా


నంద్యాల,
జూలై 17

అక్కకు,

నీ ఉత్తరం చదివి బాధపడ్డాను. అయినా నువ్వు చేసింది గొప్ప పని. పదిమంది మేలు కోసం ఒకరు పక్కకు తప్పుకోవడం తప్పు కాదు. పాస్టరయ్యతో నేను మాట్లాడతాను. నీకు ఒంట్లో బాగాలేదని మాత్రం చెబుతాను, జబ్బు పేరు చెప్పను. లివర్ జబ్బంటే మన వాళ్లు ముందు సీసా గురించే అడుగుతారు. పోయిన ఏడాది ఉపవాస కూటాల్లో తాగుడు మీద గంటసేపు మాట్లాడింది నేనే. నా పేరు ఇందులోకి వస్తే నా ముఖం ఎక్కడ పెట్టుకోను? ఇంట్లో ఫెబాకు కూడా నేను ఇంకా చెప్పలేదు.

గిన్నె సంగతి నీకు అలా అనిపించిందేమో. నాకు గుర్తు లేదు.

నువ్వు స్కాన్ ఇంకా తీయించుకోలేదు. నీకున్న సంఖ్యకు ఆలస్యం చేయడం మంచిది కాదు. నా సంగతి అడగకు, నేను బాగానే ఉన్నాను. కాస్త అలసట, అంతే. పదో తరగతి పిల్లలకు సాయంత్రం క్లాసులు పెట్టాను, షుగర్ కూడా ఉంది కదా, అలసట రాకుండా ఎలా ఉంటుంది.

రాజశేఖర్


ఆళ్లగడ్డ,
ఆగస్టు 12

శేఖరూ,

శుక్రవారం నేను నంద్యాల వచ్చి పోయాను. నీకు చెప్పలేదు. మీ బావకు బట్టల కొట్టుకని చెప్పి బస్సెక్కాను. బస్సు నూనెపల్లెలో ఆగినప్పుడు మీ సందు కనిపించింది. దిగి ఫెబా చేతి టీ తాగి పోదామనిపించింది. తాగితే ఆ గ్లాసు ఏం చెయ్యాలో తోచక దిగలేదు.

పెద్దాసుపత్రిలో స్కాన్ గది ముందు కూర్చున్నాను. అందరూ నన్నే చూస్తున్నట్టుంది, రిపోర్టు కవరు కొంగు కింద పెట్టుకున్నాను. లోపల పడుకోబెట్టి, పక్కటెముకల మధ్య చిన్న గొట్టం ఆనించి టక్కుమని తట్టారు. మీ బావ రాయి కొనే ముందు సుత్తితో తట్టి లోపల పగులుందేమో చూస్తాడే, అలాగే. లివర్ ఎంత గట్టిపడిందో దానితో తెలుస్తుందట. కళ్లు మూసుకుని, పిల్ల పెళ్లి దాకా ఉంచితే చాలు ప్రభువా అనుకున్నాను.

డాక్టరు ప్రియదర్శిని గారని ఒకావిడ. కాగితం మీద అయిదన్న సంఖ్య చూసి, "ఏం భయం లేదమ్మా, నీ లివర్ మెత్తగా బాగానే ఉండాది," అంది. నేను నమ్మలేదు. నలభై ఎనిమిది లక్షలు కదమ్మా అన్నాను. ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుంది. ఆవిడన్న మాటలు నీకు ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"పొలంలో ఈ రోజు పురుగులు ఎన్ని ఉండాయో లెక్కబెడితే, ఇన్నేండ్లలో అవి ఎంత పైరు తిన్నాయో తెలుస్తాదా? ఎంత తిన్నాయో తెలియాలంటే పైరును చూడాల. ఆ సంఖ్య పురుగులది. ఈ స్కాన్ పైరుది."

లక్షలున్నా లివర్ బాగుండేవాళ్లు ఉంటారట, వేలే ఉన్నా లివర్ రాయిగా మారినవాళ్లూ ఉంటారట. కొందరికైతే లివర్ బాగా చెడ్డాక ఆ సంఖ్య ఇంకా తగ్గిపోతుందట. మందు పనిచేస్తోందా లేదా తెలుసుకోవడానికి ఆ లెక్క కావాలి గానీ, జబ్బు ఎంత ముదిరిందో అది చెప్పదంది. మూడు నెలలు మాత్రలు వేసుకుంటే వైరస్ పోతుందట.

తర్వాత సిగ్గు విడిచి గిన్నె సంగతి అడిగాను. ఇది రక్తం నుంచి రక్తానికి అంటుకునే జబ్బు, గిన్నె అంచు నుంచి కాదు, పళ్లెం నుంచి కాదు, ముద్దు పెట్టుకుంటే కాదు అంది. "ఎవురు చెప్పినారమ్మా నీకు?" అని అడిగింది. నేను నీ పేరు చెప్పలేదు. ఊళ్లో వాళ్లన్నాను.

బస్సులో శిరివెళ్ల దాకా ఏడ్చాను. బాగుందన్న సంతోషం ఒకవైపు ఉంది, నీ మీద కోపం దానికంటే ఎక్కువుంది. రెండు నెలలు నా మనవరాలిని ముద్దు పెట్టుకోలేదు. సంఘం ముందు పాపిలా కూర్చున్నాను. నువ్వు నన్ను అడగలేదు, డాక్టరును అడగలేదు, నీ లెక్క నువ్వే వేసి నాకు మార్కులు వేశావు.

కానీ ఈ ఉత్తరం అందుకు రాయడం లేదు. నా స్కాన్ చూడక ముందు ఆవిడ నన్ను ఒకటి అడిగింది, కాళ్లు ఉబ్బుతున్నాయా, పొట్ట బరువుగా ఉందా అని. లేదన్నాను. అనగానే నాకు మొన్న మొదటి ఆదివారం గుర్తొచ్చింది. నువ్వు మళ్లీ నన్ను దాటి అనసూయమ్మ దగ్గరకు పోయావు, నేను తల వంచుకుని నీ పాదాలు చూశాను. గుమ్మం దగ్గర విడిచిన చెప్పుల పట్టీ గుర్తు నీ పాదం మీద గాడిలా దిగి ఉంది. చీలమండలు కనబడటం లేదు, పాదం అంతా ఒకటే ముద్దగా ఉంది. తలెత్తుకుని కూర్చుని ఉంటే చూసేదాన్ని కాదు.

వెంటనే స్కాన్ తీయించుకో. ఇది అడుక్కోవడం అనుకో, ఆజ్ఞ అనుకో.

లూదియా


నంద్యాల,
ఆగస్టు 18

అక్కకు,

నీ లివర్ బాగున్నందుకు దేవునికి స్తోత్రం. ఆ మిషన్ ఎంతవరకు నమ్మొచ్చో నాకు తెలియదు. వేలకు, లక్షలకు తేడా లేదంటే ఇక పరీక్ష ఎందుకు, కాగితం మీద ఆ సంఖ్య వేయడం ఎందుకు? చదువుకున్న వాళ్లు కూడా ఒక్కోసారి ధైర్యం కోసం చెబుతారు.

రోజంతా నల్లబల్ల ముందు నిలబడే వాడికి కాళ్లు ఉబ్బకుండా ఉంటాయా? ప్రతి దానికీ భయపడితే బతకలేం. నా విషయం ఫెబాకు రాయకు, ఫోనులో అసలు అనకు.

బల్ల విషయం తొందరపడకు. మాత్రలు అయ్యాక చూద్దాం.

రాజశేఖర్


ఆళ్లగడ్డ,
సెప్టెంబరు 8

శేఖరూ,

నిన్న మొదటి ఆదివారం నువ్వు రాలేదు. ఇన్నేళ్లలో ఎప్పుడూ మానలేదు. పాస్టరయ్య తానే గిన్నె పట్టుకుని పోయారు. ఫోన్ చేస్తే ఫెబా ఎత్తి, పడుకున్నారు వదినా అంది. గొంతు బాగాలేదు. మీ బావ పక్కనే ఉన్నాడని నేనేమీ అడగలేదు.

నా కోపం మనసులో పెట్టుకోకు. ఒక్క మాట రాయి.

అక్క


నంద్యాల,
సెప్టెంబరు 20

అక్కా,

ఏమని మొదలుపెట్టాలో తెలియక ఇప్పటికి ఎన్నో కాగితాలు పారేశాను.

నీ మాట విని స్కాన్‌కు పోలేదు. టీచర్స్ డే నాడు స్కూల్లో కుర్చీలోంచి లేవబోయి పడిపోయాను. పిల్లల ముందే. దేవరాజు మాస్టారు ఆటోలో ఎక్కించి ఆసుపత్రికి తీసుకుపోయాడు. నన్ను కూడా చూసింది ఆ ప్రియదర్శిని గారే. నా పక్కటెముకల మధ్య కూడా తట్టారు. నీకు అయిదు వచ్చిందని రాశావు. నాకు ముప్పై రెండు. ఈ పరీక్షలో పెద్ద సంఖ్య నాది.

లివర్ గట్టిపడి ముడుచుకుపోయిందట. కాళ్లలో, పొట్టలో నీరు చేరింది. ఏళ్ల తరబడి లోపల తింటూనే ఉందట, షుగర్ దానికి తోడైంది. మందు ఉంది, నాకు ఆరు నెలలు ఇస్తారు, వైరస్ పోయే అవకాశం బాగా ఉందన్నారు. గట్టిపడింది మాత్రం మళ్లీ మునుపటిలా కాదు. ఇకముందు చెడకుండా కాపాడుకోవాలి, ఆరు నెలలకోసారి స్కాన్ తీయించుకుంటూనే ఉండాలి. జూన్‌లోనే వచ్చి ఉంటే నీరు చేరక ముందే మొదలుపెట్టేవాళ్లం కదా సారూ, అందావిడ. నేను తొమ్మిది వేలే కదా అనబోయి ఆగిపోయాను.

ఫెబాకు అన్నీ తెలిసిపోయాయి. నన్ను తిట్టలేదు. "మీ అక్క గ్లాసు వేరే పెట్టుకున్నింది, నువ్వు నీ ఎంగిలి కాఫీ కూడా నాకు తాపితివే," అంది. అంతే అంది. అదే మూడు రోజులుగా చెవుల్లో ఉంది. నాకున్నది నీకున్నదే. గిన్నెతో అంటుకునేదైతే నేనూ ముట్టకూడదు. నాకు ఆ ఆలోచనే రాలేదు. చిన్న సంఖ్య నాకు వచ్చింది కాబట్టి నేను శుభ్రమనుకున్నాను.

గిన్నె రెండుసార్లు తుడిచింది నిజమక్కా. గుర్తు లేదని రాసింది అబద్ధం. ఇంకొకటి నీకు తెలియదు. చివర మిగిలినది సంఘ పెద్దే తాగాలి, ఆ రోజు నేను తాగలేదు. అందరూ వెళ్లాక చర్చి వెనక వేపచెట్టు మొదట్లో పోశాను. నువ్వు తాగిన గిన్నె కాబట్టి. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే నా నోట్లో గంజి ఊది పోసిన దానివి నువ్వు.

సిగ్గుతో రాస్తున్నాను. పాస్టరయ్యకు ఉత్తరం రాసి పెద్దరికం వదిలేస్తాను. బదిలీ వచ్చేలా ఉందని చెబుతాను. ఆళ్లగడ్డ చర్చికి ఇక రాలేను. వచ్చినా వెనక బెంచీలో నువ్వు కూర్చున్న చోట కూర్చోవాలి. నువ్వు నన్ను క్షమిస్తున్నానని రాయకు, అది కూడా తట్టుకోలేను.

రాజశేఖర్


ఆళ్లగడ్డ,
సెప్టెంబరు 27

తమ్ముడూ,

క్షమించానని రాయవద్దన్నావు, రాయను. వేపచెట్టు సంగతి చదివి నిన్నంతా అన్నం తినలేదు. నీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

ఇప్పుడు నేను చేసింది విను. నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపించాను. ఆయనకు వినబడాలంటే గట్టిగా చదవాలి. పక్క షెడ్డు వాళ్లు విన్నారేమో, వింటే విననీ అనుకున్నాను. ఆయన సుత్తి కింద పెట్టి, "వానికి ఫోన్ చెయ్, రేపు నేను పోయి పిల్చకొస్తా," అన్నాడు. నేనే ఆగమన్నాను. అమృతను ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. ముఖం తిప్పుకున్న అవ్వ మళ్లీ ఎందుకు ముద్దు పెడుతోందో దానికి అర్థం కాలేదు. చెంప తుడుచుకుని, ఇంకొకటి పెట్టమంది.

శుక్రవారం స్త్రీల కూటంలో లేచి నిలబడి నా జబ్బు పేరు చెప్పాను. సూది దగ్గర వచ్చిందన్నాను, గిన్నె దగ్గర రాదన్నాను, డాక్టరమ్మ చెప్పిన పురుగుల మాట చెప్పాను. వెనక నుంచి ఒకామె తన చెంగుతో నోరు మూసుకుని జరిగి కూర్చోవడం నేను చూశాను. అందరూ మారిపోతారని నేను అనుకోలేదు. అనసూయమ్మ పెద్దమ్మ మాత్రం కుర్చీలోంచి, "మన ఊరి కాంపౌండరు సూది నేనూ ఏయించుకున్న్యానే, నాక్కూడా చూపీండి," అంది. వచ్చే వారం ఆమెను, మరో నలుగురిని నంద్యాల తీసుకొస్తున్నాను.

పాస్టరయ్య నా దగ్గరకొచ్చి తల వంచుకున్నారు. ఒప్పుకోవాల్సింది ఉందా అని ఆ రోజు అడిగినందుకు ఆయన సిగ్గుపడ్డారు. నీ సంగతి నేను చెప్పలేదు. అది నువ్వు చెప్పాలి. బదిలీ అని రాయకు. మోకాళ్లని, చేతులని చెప్పి నేను పడిన అవస్థ చాలు.

వెనక బెంచీలో కూర్చుంటానని రాశావు. అక్కడ కూర్చుంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు, అందుకే నిన్ను కూర్చోనివ్వను. వచ్చే మొదటి ఆదివారం మీ బావ కారు మాట్లాడి నిన్నూ ఫెబానూ తీసుకొస్తాడు. చెప్పులు తొడుక్కోలేకపోతే ఒట్టి కాళ్లతో రా. చర్చిలోకి ఎలాగూ అలాగే కదా పోయేది. నువ్వు నిలబడలేకపోతే ముందు వరసలో కుర్చీ వేయించి ఉంచుతాను. గిన్నె పాస్టరయ్య పట్టుకుంటారు. మొదట నేను తాగుతాను, నా తర్వాత నువ్వు.

గుడ్డ శివమ్మ దగ్గర్నుంచి తెచ్చుకున్నాను. ఉతికి, గంజి పెట్టి, దండెం మీద ఆరేశాను. ఆదివారం నేనే తెస్తాను గానీ, నీ వంతు అయ్యేదాకా అది నా సంచిలోనే ఉంటుంది.

అక్క
లూదియా